ఒకే సిరంజిలో మూడు మందులు

మా తమ్ముడికి ఆళ్లగడ్డలో పురుగుమందుల అంగడి ఉంది. మందు కొట్టే కూలి కలిసొస్తుందని శిరివెళ్ల శనగ రైతులు రెండు మూడు రకాలు ఒకే ట్యాంకులో కలిపేస్తారు. దేన్ని దేనితో కలపాలో చెప్పేది వాడే.

యాభై దాటాక వాడు నంద్యాలలో జిమ్ముకు పోవడం మొదలుపెట్టాడు. అక్కడ అందరి నోటా పెప్టైడ్ల మాటే. సీసా అడుగున చిటికెడు తెల్లపొడి. నీళ్లలో కరిగించి పొట్ట చర్మం కింద సూదితో పొడుచుకుంటే కీళ్లు బాగవుతాయట, కొవ్వు కరుగుతుందట, ముసలితనం ఆగిపోతుందట. ఇలాంటి ‘అట’ల మీద పోరాడటానికే హేతువాదిగా నేను ఊరూరా వేదికలెక్కాను. తాయెత్తు కట్టుకున్నవాళ్లను నిలదీశాను. తాయెత్తు చర్మం పైనే ఆగుతుంది. ఇది లోపలికి పోతుంది.

జిమ్ము కోచ్ దగ్గర వాడు కొనుక్కొచ్చిన మూడు రకాల్లో ఒక సీసా తిప్పి చూశాను. మనుషులకు వాడరాదని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు.

“ఇది చదివినావా?”

“అది గవర్నమెంటు కోసం రాసేదిలేన్నా. మా కోచ్ కూడా వేసుకుంటాండాడు. వాని కండలు సూడు!”

“వానికి పాతికేండ్లురా. గంజి తాగినా కండలొస్తాయి.”

వాడు పగలబడి నవ్వాడు. “దేవుణ్ణీ నమ్మవు, మందునూ నమ్మవు. ఇంగ దేన్ని నమ్ముతావన్నా నువ్వు?”

“పరీక్షను.”

“నేను చేస్తాండేది అదే కదా!”

“పరీక్షంటే, తేడా వస్తే ఆపేవాడొకడు ఉండాల. నీకెవడుండాడు?”

వాడు సీసా తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టేశాడు.

రోజూ మూడు పోట్లు పడలేక, మూడు రకాలనూ ఒకే సిరంజిలోకి ఎక్కించాడు. పొడి కరిగించడానికి సూదిమందు నీళ్లకు బదులు అంగట్లోని మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు వాడాడు. నాలుగు రోజులకు పొట్ట ఎర్రబడి గట్టిపడింది. చలిజ్వరం. నంద్యాల ఆసుపత్రికి తెచ్చాం.

“ఏం ఎక్కించుకున్నాడు?” అని అడిగాడు డాక్టరు. మా దగ్గర పేర్లున్నాయి. సీసాల్లో నిజంగా ఆ మందులే ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు. కోచ్‌కు ఫోన్ చేశాను.

“మనుషులకు వాడొద్దని దానిమింద రాసే ఉండాది కదా సార్,” అని పెట్టేశాడు.

డాక్టరు ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీశాడు. గీత దాటితే వెంటనే కోయాలన్నాడు. మందు ఎక్కిస్తూనే ఉన్నారు. సాయంత్రం నేను దుప్పటి తొలగించాను.

“తగ్గిందా అన్నా?” అన్నాడు తమ్ముడు, పైకప్పు వైపు చూస్తూ.

ఎరుపు గీతను దాటి బెత్తెడు దూరం పోయింది. నేను నర్సు కోసం పరిగెత్తాను.