తమ్ముడికి పెట్టిన ధూపం

మా తమ్ముడంటే నాకు కుళ్లు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ, సముద్రం దాటి వెళ్లి ఇపో అనే ఊరి దగ్గర రబ్బరు తోటలో ఉన్న రోజుల్లో ఎవరైనా ఆ మాట అంటే చెయ్యి చేసుకునేవాణ్ణి.

ఇద్దరమూ తెల్లారకముందే చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసేవాళ్లం. ఊళ్లో రేసు గుర్రాల కొట్టంలో సాయిసు పని ఒకటి ఖాళీగా ఉందని వాడే కబురు తెచ్చాడు. గుర్రాన్ని తోమి, మేపి, పందెం రోజున కళ్లెం పట్టుకుని జనం ముందు నడిపించే పని. వాడు అంతగా మురిసిపోతుంటే నాకూ ఆ పనే కావాలనిపించింది. నేనూ వస్తానన్నాను.

వెళ్లే రోజు పొద్దున్న అమ్మ వాడికి తలంటి, నిప్పుల మీద సాంబ్రాణి వేసింది. మంచి పనికి బయల్దేరేవాడికి ధూపం పట్టడం మా ఇంటి ఆనవాయితీ. పెద్దవాణ్ణి నేనుండగా వాడికా! ఒళ్లు మండిపోయి ఆ నిప్పుల మూకుడు లాక్కున్నాను. నా తడి జుట్టంతా ఆ పొగలోనే ఆరబెట్టుకున్నాను.

"ఒరే, అది తమ్ముడికిరా! ఉన్న సాంబ్రాణి అంతేరా!" అంది అమ్మ.

"పోన్లే అమ్మా, అన్నియ్యకే ఎయ్యి" అన్నాడు వాడు. ఆ మంచితనం చూసి ఇంకా మండింది.

కొట్టం దగ్గర దొర మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. ఒక్కొక్కరినీ గుర్రం దగ్గరికి పంపి, దాని చెవుల వంక చూస్తూ నిలబడ్డాడు. నేను రెండడుగులు వేశానో లేదో, అది చెవులు వెనక్కి వాల్చి, తాడు తెంపుకునేంత పని చేసింది. తమ్ముడు వెళితే వాడి భుజం మీద మూతి ఆనించింది.

పని వాడికే దక్కింది. బెల్లం ముక్క దాచుకెళ్లి గుర్రాన్ని మాయ చేశాడని మూడేళ్లు తోటంతా చాటాను. పందెం రోజుల్లో కంచె బయట నిలబడి, వాడి చొక్కా ఇస్త్రీ చూసి కూడా ఏడ్చాను. ఆ గుర్రం ఒక్క తన్ను తన్నితే బాగుణ్ణని మొక్కుకున్నాను కూడా. బెల్లం మాట వాడి చెవిన పడింది. అయినా నాతో ఎప్పటిలాగే ఉన్నాడు.

ఒక దీపావళికి వాడు ఇంటికొచ్చాడు. అమ్మ తలంటి, నిప్పుల మూకుడు తెచ్చింది. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దూపం ఒద్దమ్మా. రేపు గుర్రం కాడికెల్లాల. జుట్టులో పొగ వాసనుంటే నిప్పంటుకుందనుకుని బెదిరిపోద్ది."

నమిలే గారె నా నోట్లోనే ఉండిపోయింది. వాడు నావైపు చూడలేదు. ఆ రోజు గుర్రం నన్ను చూసి ఎందుకు బెదిరిందో వాడికి ఎప్పుడో తెలుసు. ఒక్క మాటతో నా నోరు మూయించగలిగీ మూడేళ్లు ఊరుకున్నాడు. వాడి ఉద్యోగం మీద ఏడ్చిన ఏడుపంతా ఒక ఎత్తు, వాడి ఓర్పు మీద అప్పుడు పుట్టిన ఏడుపు ఒక ఎత్తు.

"మరి ఈ నిప్పులేటి సెయ్యను?" అంది అమ్మ.

"నాకెయ్యమ్మా" అని తల వంచాను. "నన్ను సూసి బెదరడానికి నాకు ఏ గుర్రమూ నేదు."