కాటా ఎక్కిన షావుకారు

మావయ్య పోయాడన్న కబురు నాకు కకిరిగుమ్మ స్టేషన్ పక్కనున్న ఫోన్ బూత్‌లో అందింది. ఎప్పుడు, ఎలా అని అడగలేదు. ముందు నోట్లోంచి వచ్చిన మాట, “పడిపోయేడా అత్తా?” అని.

“లేదురా. పొద్దున్న స్టేషన్ దాకా నడిసొచ్చేరు. కొట్లో కూకున్నారు. మద్దేనం అన్నం తిని, ఓ కునుకు తీస్తానే అన్నారు. మరి లెగలేదు.” అత్తే మళ్లీ అంది. “నడిసే మనిషిగానే ఎల్లిపోనారు.”

రైలు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తున్నంతసేపూ గుండెల మీంచి ఏదో బరువు దిగిపోతున్నట్టే ఉంది. మేనమామ పోతే మేనల్లుడికి తేలికపడటమేమిటని తిట్టుకోకండి. అదేమిటో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

రాయగడలో మావయ్యది టోకు కొట్టు. కొండల నుంచి వచ్చే చింతపండు, చోళ్లు, వలిసెలు కొని పార్వతీపురం, సాలూరు వైపు పంపేవాడు. విజయనగరం నుంచి వచ్చి ఆ కొట్టు పెట్టింది ఆయన తండ్రి. ఒకరోజు కొట్లో పరుపు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. యాభై నిండలేదు. మావయ్య అన్నగారు కూడా సరిగ్గా ఆ వయసుకే పడిపోయాడు. కాకపోతే ఆయన పోలేదు. కుడి కాలూ చెయ్యీ చచ్చుబడి, మాట పోయి, వెనక గదిలో మంచానికే ఏళ్ల తరబడి అతుక్కుపోయాడు. అన్నకు అన్నం కలిపి నోట్లో పెట్టేది మావయ్యే. పెట్టి వచ్చి, పెరట్లో చెయ్యి కడుక్కుంటూ అనేవాడు.

“సావంటే నాకు బయం లేదురా అల్లుడా. ఆ మంచం అంటేనే బయం.”

అంత భయమున్న మనిషి తర్వాత వచ్చి పీట మీద కూర్చుని పప్పులో నెయ్యి మడుగు కట్టించి తినేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

నేను ఇంటర్ దగ్గర చదువు ఆపేసి ఆ కొట్లోనే పనిచేసేవాణ్ని. దొరికిన కరపత్రమల్లా చదివేవాణ్ని. మలేరియా, కనీస వేతనం, కల్తీ నూనె, ఏదైతేనేం. ఏదో ఒకటి చదివి ఎవరితోనో ఒకరితో గొడవ పెట్టుకోందే నాకు పొద్దు గడిచేది కాదు. తొంభైల చివర్లో, మావయ్యకు యాభై దగ్గర పడుతుండగా, ఆసుపత్రి గేటు దగ్గర ఒక కాగితం పంచారు. మనిషి బరువు కిలోల్లో తీసుకుని, ఎత్తు మీటర్లలో కొలిచి, ఆ ఎత్తుతో ఒకసారి, మళ్లీ ఒకసారి భాగించమని అందులో ఉంది. వచ్చిన అంకె పేరు బీఎంఐ. ఇరవై అయిదు దాటితే బీపీ, షుగరు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ముప్పై దాటితే ఇంకా ఎక్కువ.

కాగితం పట్టుకుని పరుగున కొట్టుకొచ్చాను. బస్తాలు తూచే కాటా చూపించి మావయ్యను ఎక్కమన్నాను.

“నేనేటి సింతపండునా?” అన్నాడు.

“చింతపండైతే ఇంత గొడవ లేదు. అమ్మేసీవోళ్లం.”

ఎక్కాడు. ఎనభై ఆరు కిలోలు. “తరుగు తియ్యరా, పంచి, లాల్చీ ఉన్నాయి” అన్నాడు. బస్తాకి ఇంత అని తరుగు తీసి తీసి ఆయనకు ఏ తూకం చూసినా నోటికి ఆ మాటే వచ్చేది. ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి తల ఎత్తున సుద్దముక్కతో గీత గీశాను. మీటరూ అరవై అయిదు సెంటీమీటర్లు. లెక్క కడితే ముప్పై ఒకటిన్నర దాటింది. కాగితంలో ఆ అంకెకు ఎదురుగా ఉన్న జబ్బులన్నీ గట్టిగా చదివాను. పక్షవాతం దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లు వెనక గది వైపు తిరిగాయి. ఆ పూట నెయ్యి గిన్నె ఆయనే పక్కకి జరిపాడు.

చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. మా బజారులో షావుకారంటే నిండుగా ఉండాలి. పొట్ట ఉంటేనే కొట్టు బాగున్నట్టు. సన్నబడ్డాడంటే వ్యాపారం చితికినట్టో, బయటికి చెప్పుకోలేని జబ్బు పట్టినట్టో లెక్క. నడిచి వెళ్తే ఇంకా తప్పు. రిక్షాకి కూడా గతి లేదా అంటారు. అందుకని మావయ్య ఒక ఉపాయం పన్నాడు. రోజూ పొద్దున్నే స్టేషన్ దాకా నడిచి వెళ్లి, “నా పార్సిలు వచ్చిందేటండీ?” అని అడిగి తిరిగి వచ్చేవాడు. ఏ పార్సిలూ రావలసింది లేదు. కొన్నాళ్లకు అక్కడి గుమాస్తాకి సంగతి అర్థమైపోయింది. దూరం నుంచి చూసి, “ఇంకా రాలేదు సావుకారూ, రేపు తప్పకుండా రండి” అని కేకేసేవాడు.

కొట్లో బస్తాలు మోసే కలాసీల మేస్త్రీ నోరు ఊరుకోదు. అంతకు ముందు నుంచీ అతనిది ఒకటే పరాచికం. “బాబూ, రేపు మీకేటైనా అయితే మొయ్యడానికి మేం నలుగురం సాలం. లారీ పెట్టాలి.” ఆ మాటకి అందరికంటే ఎక్కువ నవ్వేది మావయ్యే. నవ్వితే పొట్ట ఊగేది. ఆ పొట్ట నెమ్మదిగా తగ్గసాగింది. లాల్చీలు వదులయ్యాయి. వాటిని కుట్టించనని అత్త మొండికేసింది. “కుట్టిస్తే ఊరందరికీ సెప్పినట్టే గదా” అని.

చెప్పకపోయినా ఊరికి తెలిసింది. ‘శుఖిగలేణి’, ఎండిపోయాడు అని ఒడియా వాళ్లూ, లోపల ఏదో ఉందని తెలుగు వాళ్లూ అనుకోవడం మొదలెట్టారు. ఒక సంత రోజున, మా సరుకు కొనే పార్వతీపురం షావుకారు చెప్పాపెట్టకుండా రిక్షా దిగాడు. కొట్టు నలుమూలలా చూసి, మావయ్య మెడ దగ్గర వేలాడుతున్న లాల్చీ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“బావా, అంతా బాగేనా? సరుక్కి మరో సోట మాటాడుకోమంటే మాటాడుకుంటాను. దాపరికం వొద్దు.”

కొట్టు నిండా జనం. నాకు కోపం తన్నుకొచ్చింది. ఏదో అనబోయాను. మావయ్య చెయ్యెత్తి ఆపి, లేచి, అందరి ఎదుటా కాటా ఎక్కాడు.

“ఒరే, లెక్క పైకి సెప్పు.”

చెప్పాను. పాత బరువు, కొత్త బరువు, పాత అంకె, కొత్త అంకె. ఇరవై ఏడుకి దిగింది.

“ఇన్నావు గదా. తగ్గింది నేను గానీ కొట్టు కాదు బావా. మా అన్న లోపలున్నాడు, సూసి రా. ఆ పక్కని ఇంకో మంచం ఎయ్యకూడదని తగ్గుతున్నాను. నువ్వూ ఓసారి ఎక్కు.”

ఆయన అటూ ఇటూ చూసి ఎక్కాడు. ఇరవై తొమ్మిది. మేస్త్రీ వెంటనే, “బాబుగారికీ లారీయే” అన్నాడు. సంతంతా నవ్వింది. షావుకారు కావాలనే తగ్గుతున్నాడన్న మాట ఆ పూటకే బజారు దాటింది. ఆ తర్వాత మావయ్య పార్సిలు గురించి అడగడం మానేసి, చేతులూపుకుంటూ ఊరికే నడిచాడు. పార్వతీపురం షావుకారు కూడా వచ్చినప్పుడల్లా స్టేషన్ నుంచి నడిచే వచ్చేవాడు.

సంత రోజుల్లో కాటా ఎక్కేవాళ్లు ఎక్కువయ్యారు. నేను జడ్జీలా తీర్పులిచ్చేవాణ్ని. మేస్త్రీకి ఇరవై ఏడు వచ్చింది. ప్రమాదంలో ఉన్నావని గట్టిగా చెప్పాను. మావయ్య పకపకా నవ్వాడు. “ఒరే, ఆడి వొంటి మీద నొక్కి సూడు, రాయి. కాటా బరువు సెప్తాది గానీ లోపలి సరుకేటో సెప్పదు. బస్తా తూసేక గుచ్చి సూడాలా, వొద్దా?” బస్తాలోకి గుచ్చి గింజలు తీసి చూసే ఇనప గొట్టం ఎప్పుడూ ఆయన చెవి వెనక కలంలా ఉండేది.

అత్తకి ఇరవై రెండే వచ్చింది. నేను బాగుందన్నాను. అయినా మావయ్య ఆమె నడుం వైపు చూసి, “కాళ్లూ సేతులూ పుల్లలు, సరుకంతా నడుం కాడే ఉంది. గుచ్చి సూడాల్సిందే” అని ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నారు. ఆయనకి బీపీ, ఆమెకి అప్పుడప్పుడే మొదలైన షుగరు. ముందే దొరికాయి కాబట్టి మాత్రలతో అదుపులోకి వచ్చాయి. తూకం తలుపు తట్టడానికే, లోపల ఎవరున్నారో చూడాల్సింది పరీక్షలేనని డాక్టరు గారు కూడా అన్నారట. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. కాగితం రెండో పేజీలో నడుం కొలత గురించి ఉంది. నేను మొదటి పేజీ దగ్గరే ఊగిపోయాను.

ఒకసారి బంధుగాం వైపు నుంచి చింతపండు మోసుకొచ్చిన ఆడమనిషి ఒకామె సరదాపడి కాటా ఎక్కింది. పదహారు. పద్దెనిమిదిన్నరకి తగ్గితే తిండి చాలనట్టని కాగితంలో ఉంది. నవ్వుతూ దిగిపోయింది. నేను మావయ్య మీద విరుచుకుపడ్డాను. ఈవిడ తెచ్చిన బుట్టలోంచి కూడా తరుగు తీస్తావా అని. “నా పొట్ట తగ్గించేవు, ఇప్పుడు నా తరుగూ తగ్గించు” అని గొణిగాడు. తగ్గించాడు గానీ పూర్తిగా మానలేదు. ఆ విషయంలో ఆయన పోయేదాకా మా ఇద్దరికీ తగువే. కానీ నేను చిన్న కాటా, టేపూ పట్టుకుని కకిరిగుమ్మ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి మనుషుల్ని తూచడం మొదలెట్టింది ఆ రోజు నుంచే. కాటా కొనిచ్చింది ఆయనే. “ఎక్కువ తూకమే కాదురా, తక్కువ తూకమూ జబ్బే. అదీ పైకి సదువు” అన్నాడు.

రెండు వేల సంవత్సరం దాటాక మావయ్య అరవై ఎనిమిది కిలోలకు వచ్చాడు. ఇరవై అయిదుకి వెంట్రుకవాసి కింద. అత్త పాయసం చేసింది. అప్పుడే నాకు కొత్త కాగితం దొరికింది. మన దేశం వాళ్లకి తక్కువ బరువులోనే ఈ జబ్బులు వస్తున్నాయి కాబట్టి ఇరవై మూడు దగ్గరే జాగ్రత్తపడాలని. చదివి వినిపిస్తే పాయసం గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు. “నేను దిగినకొద్దీ నీ గీతా దిగిపోతాందేట్రా?” అన్నాడు. ఆ గీత ఆయన ఎప్పుడూ అందుకోలేదు. యాభై మాత్రం దాటాడు. అన్నగారిని సాగనంపాడు. ఈ మధ్యనే ఆ ఇంట్లో మొదటిసారి షష్టిపూర్తి జరిగింది. పీటల మీద కూర్చుని నన్ను పిలిచి, “ఈ పీట మా నాన్న సూళ్లేదు, మా అన్న సూళ్లేదు” అన్నాడు.

నేను రాయగడలో దిగేసరికి పాడె కట్టి ఉంది. ఎవరూ పిలవకుండానే మేస్త్రీ, ముగ్గురు కలాసీలు వచ్చి నాలుగు కొసల దగ్గర నిలబడ్డారు. దింపుడు కళ్లం దగ్గర ఆనవాయితీగా దించడమే తప్ప మధ్యలో ఎవరూ భుజం మార్చుకోలేదు. నేను వెనక నడుస్తున్నాను. అనుకున్నదానికంటే తేలికైన బస్తా భుజం మీదికి వస్తే తల కాస్త తిప్పి దాన్ని చూసుకోవడం మేస్త్రీకి అలవాటు. ఆ రోజు నాగావళి ఒడ్డు దాకా అతను అలాగే, ఉండుండి తల తిప్పి భుజం వైపు చూసుకుంటూ నడిచాడు.