గని నీళ్లకు కావలి

హైదరాబాద్‌లో నా పరిశోధనంతా తపాలా బిళ్లంత పొర మీద. సేంద్రియ అణువులను వలలా అల్లి చేసిన పొర అది. నీళ్లలోని లిథియం అయాన్లు దాని సన్నటి రంధ్రాల్లోంచి దూరిపోతాయి. మెగ్నీషియం అయాన్లు తమను అంటుకున్న నీటి అణువులను ఓ పట్టాన వదలవు కాబట్టి చాలావరకు ఇవతలే ఆగిపోతాయి. మేం ఉప్పులు కలిపిన నీళ్లతో పొర బుద్ధిగా పనిచేసింది. అసలు నీళ్లతో చూద్దామని గోదావరిఖని వచ్చాను. బొగ్గు గనిలోంచి తోడిపోసే నీళ్లు మా కాలనీ వెనక కాలువలో నేను పుట్టకముందు నుంచీ పారుతున్నాయి.

పద్ధతిగా ఉంటుందని గని ఆఫీసుకు వెళ్లి, ఒక క్యాను నీళ్లు కావాలని అడిగాను.

"గా నీళ్లల్ల ఏమున్నదమ్మా?" అన్నాడు అక్కడి పెద్దసారు.

"లిథియం ఉన్నదేమో చూద్దామని సార్. బ్యాటరీలల్ల వాడేది."

బ్యాటరీ అనగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు. "గట్లయితే పైనుంచి పర్మిషన్ రావాలె."

మర్నాడు కాలువ గట్టున కుర్చీ వేసుకుని ఒక గార్డు ఉన్నాడు. అతని కళ్లముందే బర్రెలు నీళ్లు తాగుతున్నాయి, ఒకాయన ఆటో కడుగుతున్నాడు. నేను సీసా తీయగానే మాత్రం విజిల్ వేశాడు.

సంగతి విని మా అవ్వ మండిపడింది. బకెట్టూ నాలుగు చీరలూ పట్టుకుని బయల్దేరింది. వెనకే నేను.

"ఏంది కొడుకా, మురికి నీళ్లకు గూడ కావలేనా?"

"బట్టలుతకనీకైతే ముంచుకో అవ్వా. సైన్సుకైతేనే పర్మిషన్," అన్నాడతను ఎంతో మర్యాదగా.

అవ్వ సబ్బు ముట్టకుండా ముందు బకెట్ నింపి నా చేతికిచ్చింది. "ఇంటికి తీస్కపో. ఇవి జాడించనీకి."

హైదరాబాద్ తిరిగొచ్చాక ప్రయోగశాలలో పొర తన పని తాను చేసింది. మెగ్నీషియాన్ని ఆపింది. దాటి రావాల్సిన లిథియమే నీళ్లలో లేదన్నంత తక్కువ. నా ఆశ కొంత చప్పబడ్డా, గని నీళ్లకు కూడా పొర చెడిపోనందుకు సంతోషించాను. పెద్దసారుకు ఫోన్ చేశాను.

"అండ్ల ఏం లేదు సార్. గార్డును తీసెయ్యొచ్చు."

"మంచిదమ్మా. పర్మిషన్ ఇంక రాలేదు గద, మరి నీళ్లెట్ల దొరికినయ్?"

"మా అవ్వ బట్టలుతికింది సార్."

ఆయన నీళ్ల సంగతి వదిలేసి గార్డు సంగతికొచ్చాడు. గార్డును వెయ్యడానికి తన మాట సరిపోయిందట. తియ్యాలంటే మాత్రం పైనుంచి రావాలట.

ఆ తర్వాత ఊరికి వెళ్లినప్పుడు కాలువ వైపు నడిచాను. అవ్వ తడి చీర పిండుతోంది. రెండో కొస గార్డు పట్టుకుని మెలిపెడుతున్నాడు.