వెనక్కి చూసే తాత

బిలాస్‌పూర్‌లో గూడ్సు గార్డుగా రిటైరైన సింహాచలం తాతకి కుదురనేది లేదు. మోకాళ్లు ఆడిస్తూ, వీడియో గేములో తన బొమ్మని రెండడుగులు ముందుకి నడిపి, ఆగి వెనక్కి తిప్పుతాడు. ముప్పై ఏళ్లు బండి చివరి పెట్టెలో నిలబడి వెనక పట్టాలు చూసిన అలవాటు మరి. “వెనక్కి తిరగనివ్వనిది ఓ ఆటేటే?” అని ఆయన తీర్పు.

అద్దెకి తెచ్చిన గేము ఆ సాయంత్రమే తిరిగిచ్చెయ్యాలి. ఆఖరి రాక్షసుణ్ణి మాత్రం ఇంతవరకూ ఓడించలేదు. తాతకీ, మనవరాలు ప్రసూనకీ చెరో ప్రాణమే మిగిలింది.

“జల్దీ రా తాతా, వీడు చంపేస్తున్నాడు!” అని ప్రసూన అరిచింది.

తాత వెనక్కే తిరిగి, ఆమె బొమ్మ వీపు మీదకి దూకబోయిన కత్తివాణ్ణి తన్ని పడేశాడు. ఈలోగా ప్రసూన రాక్షసుణ్ణి కూల్చేసి గంతులేసింది. తాత బొమ్మ ఇంకా వెనక్కే చూస్తోంది.

“ఏటే, ఆడెప్పుడు సచ్చేడు?” అన్నాడు తాత.