నేను టైపు చెయ్యని మాట

ఈమధ్య స్నేహితుల ఇంట్లో భోజనాల దగ్గర ఒక వాదన వచ్చింది. మనసు బాగోలేనప్పుడు డాక్టరు ఎదురుగా కూర్చుని చెప్పుకోవడం మంచిదా, ఇంట్లోనే ఉండి ఫోను తెరలో మాట్లాడుకోవడం మంచిదా అని. ఇద్దరు రెండు వైపులా చేరి గట్టిగానే వాదించుకున్నారు. నాకు మాత్రం అన్నం సయించలేదు. మా అక్కకి ఆ రోజుల్లోనే రెండూ దొరికాయి. ఎదురుగా కూర్చునే డాక్టరూ దొరికాడు, కంప్యూటర్లో జవాబు రాసే డాక్టరూ దొరికాడు. దొరకనిదల్లా తన మాట తను చెప్పుకునే వీలే. దానికి అడ్డం పడినవాళ్ళందరి మీదా నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. ఆ అడ్డం పడినవాళ్ళలో నేనూ ఉన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది రామచంద్రపురం దగ్గర కాలవ గట్టున ఉన్న ఊరు. అక్క పురిటికి మా ఇంటికి వచ్చింది. పాప పుట్టింది, బొద్దుగా ఉంది. అక్కే బాగోలేదు. నిద్ర లేదు, తిండి లేదు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఉయ్యాల పక్కన నిలబడి చూస్తూ ఉండేది, ఎత్తుకునేది కాదు. బావది ఎక్కడో దూరాన ఉద్యోగం, నెలకోసారి వచ్చి పాపని చూసుకుని వెళ్ళేవాడు. మూడో నెలలో, పురుడు పోసిన డాక్టరమ్మే అమ్మని పక్కకి పిలిచి, రాజమండ్రిలో మానసిక వైద్యుడికి చూపించమంది.

ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నాన్న పోయిన దగ్గర్నుంచీ మా ఇంటికి పెద్ద దిక్కు మా మావయ్య, అమ్మకి అన్నగారు. ఆయనే దారి చెప్పాడు. "కోరుకొండ మీది గుడికి మొక్కుందని వీధిలో చెప్పండి. ఎలాగూ రాజమండ్రి మీదుగానే వెళ్ళాలి కదా. దారిలో డాక్టరుకి చూపించేద్దాం."

అబద్ధం ఆడితే ఆడారు, అక్కడితో ఆగితే బాగుండేది. మా వీధిలో ఎవరైనా గుడికి వెళ్తున్నారంటే తమ తరఫున కూడా ఒక కొబ్బరికాయ పంపడం అలవాటు. బయల్దేరే రోజు పొద్దున్నే పక్కింటి పిన్నిగారు వచ్చింది. "మా పేరు మీద కూడా ఒక కాయ కొట్టించండి అక్కయ్యగారూ, గోత్రం ఈ చీటీలో రాశాను" అంది. ఆవిడ వెనకాలే ఎదురింటివాళ్ళు, ఆ వెనకాల ఇంకొందరు. గుమ్మం దాటేసరికి సంచిలో ఏడు కాయలు. ఆ ఏడు కాయల సంచీ మానసిక వైద్యుడి హాల్లో మా కాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని తలుచుకుంటే నవ్వు రావాలి. నాకు రాదు.

డాక్టరుగారు మంచివాడే. అక్కనే చూస్తూ అక్కనే అడిగాడు.

"నిద్ర పడుతోందా అమ్మా?"

"పట్టట్లేదండి," అన్నాడు మావయ్య.

"దేనికైనా భయంగా ఉంటోందా?"

"భయమెందుకండీ, మా ఇంట్లో పిల్లకి దేనికీ లోటు లేదండి," అంది అమ్మ.

ఆయన అమ్మనీ మావయ్యనీ చూసి, మీరు కాస్త బయట కూర్చుంటారా అని మర్యాదగా అడిగాడు. మావయ్య నవ్వి, "పర్లేదండి, మేం పరాయివాళ్ళం కాదు," అన్నాడు. కుర్చీ ఇంకా ముందుకు జరుపుకున్నాడు కూడా. హాల్లో ఇంకా ముప్ఫై మంది ఎదురుచూస్తున్నారు. డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, పదిహేను రోజులకి రమ్మన్నాడు. ఆ గదిలో అక్క నోట్లోంచి ఒక్క మాట బయటికి రాలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడి చూస్తూ ఉన్నాను. మూడు నెలలుగా నిద్ర లేని మనిషిని అక్కణ్ణుంచి కోరుకొండ తీసుకెళ్ళి, ఆ నిటారు మెట్లన్నీ ఎక్కించాం. ప్రసాదం లేకుండా వీధిలోకి వెళ్ళలేం కదా. సగం దూరంలో కళ్ళు తిరిగి కూర్చుండిపోతే, అమ్మ విసనకర్రతో విసిరి మళ్ళీ లేపింది. ఏడు కాయలూ కొట్టించాకే కొండ దిగాం.

రెండోసారి కూడా అంతే జరిగింది, కాయలు తొమ్మిది. మూడోసారి అక్క రానంది.

అప్పుడు నేను రామచంద్రపురంలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ ఎదురుగా ఇంటర్నెట్ సెంటరు పెట్టారు. అందులో ఒక సైటు చూశాను, మన బాధ ఇంగ్లీషులో రాస్తే ఎవరో సైకాలజిస్టు జవాబిస్తాడు. పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెప్పక్కర్లేదు. లోకాన్ని జయించినవాడిలా ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. ఎన్నాళ్ళకో తన మొహంలో కాస్త ఆశ కనిపించింది. "మావయ్య ఉండడుగా?" అని మాత్రం అడిగింది.

పాపకి టీకాలు ఎప్పుడో కనుక్కొస్తామన్న వంకతో ఇద్దరం వెళ్ళాం. అట్టముక్కలు అడ్డం పెట్టిన గది, రెండు స్టూళ్ళు. అక్క తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివింది. ఉత్తరం రాసిందంటే ఇంటిల్లిపాదీ కూర్చుని వినేవాళ్ళం. ఆ కంప్యూటర్లో మాత్రం తెలుగు రాసే వీల్లేదు. తను చెప్పాలి, నేను ఇంగ్లీషులో టైపు చెయ్యాలి. మళ్ళీ మధ్యలో ఒక మనిషి.

అక్క మెల్లగా, తడుముకోకుండా చెప్పింది. ముందే అనుకుని పెట్టుకున్నట్టుంది. "పాపని ఎత్తుకుంటే ఈ చేతులు నావి కావనిపిస్తోందని రాయి. కాలవ గట్టు మీద నడిచేటప్పుడు అలాగే నీళ్ళలోకి దిగిపోతే బాగుండుననిపిస్తోందని రాయి. రోజూ అనిపిస్తోందని రాయి."

పక్క గదిలో మా కాలేజీవాళ్ళు నవ్వుకుంటున్నారు. అక్క మాటలు వాళ్ళకి వినపడతాయేమోనని నాకు సిగ్గేసింది. నేనేం రాశానో ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. మా అక్క ప్రసవం తర్వాత నీరసంగా, దిగులుగా ఉంటోంది, సరిగ్గా నిద్రపోవడం లేదు, దయచేసి సలహా ఇవ్వండి. అంతే రాశాను. కాలవ ఊసే లేదు. "రాశావా?" అంది. "రాశాను," అన్నాను.

నాలుగో రోజు జవాబు వచ్చింది. ప్రసవం తర్వాత ఇలా ఉండటం మామూలే, పోషకాహారం ఇవ్వండి, రోజూ ఉదయం సాయంత్రం ఆరుబయట నడిపించండి అని. దాన్ని తెలుగులో చదివి వినిపించాను. అక్క లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం ఎంతో సంతోషించి, ఆ రోజు నుంచే నడిపించడం మొదలుపెట్టింది. మా ఊళ్ళో నడవడానికి ఉన్న దారి ఒకటే, కాలవ గట్టు.

ఎవరి మీద అరవను? ఆ జవాబు రాసినాయన ఎదుట ఉన్నది నా ఉత్తరం. మా అక్క ఆయనకి కనపడలేదు, కనపడకుండా చేసింది నేనే. మావయ్య కుర్చీ ముందుకి జరుపుకుని చేసిన పనే, నేను స్టూలు మీద కూర్చుని చేశాను. మావయ్య కనీసం అక్కతో అబద్ధం ఆడలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం, మోకాలు నొప్పి పుట్టి అమ్మ అక్క వెంట వెళ్ళలేదు. అక్క ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చీర నడుము దాకా తడిసి ఉంది. రేవు మెట్ల మీద జారాను అని అమ్మకి చెప్పి, పెరట్లో ఉన్న నా దగ్గరికి వచ్చింది.

"కాలవ సంగతి రాశావట్రా?"

"లేదు," అన్నాను.

"నాకు ఆ రోజే తెలిసింది. అది చదివినవాడెవడూ నన్ను నడవమనడు." తన గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. అన్ని నెలల్లో తనకి కోపం రావడం అదే మొదలు. "నాలుగు మెట్లు దిగానురా. ఇంకొకటి దిగితే కాలికి నేల అందేది కాదు. అప్పుడు మీరందరూ గుర్తొచ్చి ఒళ్ళు మండింది. నా గురించి ఇంతమంది చెప్పారు, నేను ఒక్కసారి కూడా చెప్పకుండా పోవడమేంటి అనిపించింది. రేపు రాజమండ్రి వెళ్దాం. నువ్వు బయట కూర్చో."

మర్నాడు మావయ్యకి చెప్పకుండా బయల్దేరాం. పాపని ఎత్తుకుని అమ్మ గుమ్మంలోనే ఉండిపోయింది, ఎక్కడికని అడగలేదు. పిన్నిగారు మాత్రం అలవాటుగా కాయ పట్టుకొచ్చి అమ్మ పక్కన అరుగు మీద పెట్టింది. మేం తీసుకోలేదు. డాక్టరుగారి గదిలోకి అక్క ఒక్కతే వెళ్ళి తలుపు వేసుకుంది. నేను బల్ల మీద కూర్చున్నాను. చాలాసేపటి దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, లోపల ఏం చెబుతోందో వినపడనందుకు నాకు ఉక్రోషం వచ్చింది. లేచి వెళ్ళి చెవి పెట్టాలనిపించింది. అప్పుడు అర్థమైంది మావయ్య కుర్చీ ఎందుకు జరుపుకున్నాడో.

అక్క కోలుకోవడానికి ఏడాది పట్టింది, పదిహేను రోజులకోసారి ఆ తలుపు వేసుకుంటూనే ఉంది. ఆ మొదటి రోజు మేం తిరిగొచ్చేసరికి పిన్నిగారు వీధిలోనే ఉంది. మా చేతులు ఖాళీగా ఉండటం చూసి, "ప్రసాదం ఏదమ్మా?" అంది.

"కోరుకొండ వెళ్ళలేదండి," అంది అక్క. "పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మీ కాయ అరుగు మీదే ఉంది, తీసుకెళ్ళండి."

ఆవిడ కాయ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అక్క అమ్మ చేతుల్లోంచి పాపని అందుకుంది.