చిన్న మంగళారంలో రెండు ఊరేగింపులు

మా బ్యాండు చేవెళ్లది. నేను క్లారినెట్ వాయిస్తాను. పెళ్లిళ్లు చాలావరకు డీజేల చేతికి పోయాక మాకు మిగిలినవి గణపతి నిమజ్జనాలు, నాయకుల ఊరేగింపులు.

పంచాయతీ ఎన్నికలైన మర్నాడు చిన్న మంగళారం అనే ఊళ్లో సర్పంచిగా గెలిచినాయన మమ్మల్ని పిలిపించాడు. జీపు మీద ఆయన, ముందు మేము. అప్పటికే ఎర్రగా ఉన్న మా కోట్లు గులాల్‌తో ఇంకా ఎర్రబడ్డాయి. సందు మలుపు తిరగగానే ఓడిపోయినాయన ఇల్లు. గేటు ముందు జనం, లోపలి నుంచి ఏడుపులు. ఆయన తండ్రి కాసేపటి కిందే కన్నుమూశాడని ఒకామె చెప్పింది. మా మాస్టరు చెయ్యి దించాడు. అందరం ఆపేశాం.

జీపు వెనక నుంచి ఆయన మనిషి ఒకతను ముందుకొచ్చాడు. "ఎందుకాపిన్రు? గీడనే గట్టిగ కొట్టాలె."

"చావు జరిగిన ఇల్లు అన్నా. ఈడ మేం కొట్టం," అన్నాడు మాస్టరు.

నాకు భయమేసింది. గెలిచిన ఉత్సాహంలో ఉన్నవాళ్లు కాదంటే ఊరుకుంటారా? ఈలోగా జీపు మీదాయన దిగాడు. దండలు తీసి సీట్లో పెట్టాడు. రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు కానీ రంగు పూర్తిగా పోలేదు. అలాగే లోపలికి నడిచాడు. ఎన్నికల్లో ఇద్దరూ మైకుల్లో ఒకరినొకరు అనరాని మాటలు అనుకున్నారు. లోపల ఏం జరిగిందో తెలియదు. కాసేపటికి ఇద్దరూ కలిసే బయటికొచ్చారు.

ఓడిపోయినాయన మాస్టరు దగ్గరికి వచ్చి, "అన్నా, మా బాపుకు బ్యాండంటే పానం. నా పెండ్లికి పట్నం నుంచి పిలిపిచ్చిండు. రేపు పొద్దుగాల మీరే రావాలె," అన్నాడు.

"వస్తం," అన్నాడు మాస్టరు.

మర్నాడు కోట్లు మానేసి తెల్ల చొక్కాల్లో వెళ్లాం. ఫామ్‌హౌస్‌ల గోడల మధ్య బాట వెంట పాత భజన పాటలు నెమ్మదిగా వాయించుకుంటూ నడిచాం. వాచ్‌మెన్లు గేట్లు తెరిచి నిలబడ్డారు. పాడె ఒక మూల కొత్త సర్పంచి భుజం మీద ఉంది.

అంత్యక్రియలు అయ్యాక కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి పక్క పొలంలో మోటారు పెట్టారు. నీళ్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"నువ్వు ముందుగాల కడుక్కో అన్నా," అని సర్పంచి పక్కకు జరిగాడు.

ఆగిపోయిన ఆ విజయ ఊరేగింపు కోసం ఆయన మమ్మల్ని మళ్లీ పిలవలేదు.