పిట్టలకు కట్టిన లొట్లు

మా బిడ్డ పోయింది. జెరమని సిరిసిల్ల దవఖానల చేరిస్తే తొమ్మిదో దినం పానం ఇడిసింది. నెల దాటింది. నేను ఐదు దాక సదువుకున్నదాన్ని, తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మాది ముస్తాబాద్ దిక్కు పల్లె, కల్లు గీసే ఇల్లు. బిడ్డ సిరిసిల్లల అంగీలు కుట్టే కాడ పనిచేసేది. ఆదివారం వచ్చిందంటే బువ్వ గూడ తినక చెట్ల కాడికి పోయేది. ఒగ పొద్దు అడిగింది, "అమ్మా, దసరా నాడు పాలపిట్ట కండ్లవడాలని ఊరంత తిరుగుతరు. అది ఉండే తొర్ర చెట్లేమో కొట్టేస్తరు. ఇగ అది యాడ గుడ్లు పెట్టాలె?" నిజమే, తల ఎండిన తాటిమొద్దు ఒక్కటి మిగల్లే మా దగ్గెర.

కల్లుకు ప్లాస్టిక్ డబ్బాలొచ్చినంక మట్టి లొట్లు మూలకు పడ్డయి. బిడ్డ వాటిని నీళ్లల్ల నానేసి, పక్కకు మెల్లగ బొక్క పొడిసి, మూతికి చెక్క బిగించింది. గీసేటోళ్లందరిని బతిమిలాడింది, మనిషికొక లొట్టి చెట్టుకు కట్టుమని. నవ్విండ్రు. అయినా కట్టిండ్రు. అప్పుడు ఊర్ల లేక సంగతి తెల్వని మా మరిది కల్లున్నదని ఎక్కి చెయ్యి పెట్టిండు. దిగొచ్చి, "వదినె, మీ లొట్టిల కల్లు కొరుకుతున్నది" అన్నడు. లోపట గూడు పెట్టిన గోరింక పొడిసింది. బిడ్డ ఆయన ఏలుకు పసుపు పెట్టుకుంట, ఇగ ఆ చెట్టుకు నువ్వే కావలి చిన్నాయినా అన్నది.

మూడో ఏడు ఒక లొట్టిల పాలపిట్ట దిగింది. ఆ దినం ఎవలికీ చెప్పలే, నా చెయ్యి వట్టుకపోయి దూరంకెళ్లి సూపెట్టింది.

పోయిన వానకాలం గాలికి సగం లొట్లు పలిగినయి. దవఖానల పండుకొని గదే రంధి. "ఎండలు ముదరకముందే కట్టిపియ్యమ్మా, అవి జత గట్టే యాల్లయింది." సరే అన్న. ఊకుంటదని అన్న, చేస్తనని కాదు. ఇంటికొచ్చినంక లేశే ఓపికే లేదు. వాళ్ల బాపు చెట్టెక్కుడే బందు పెట్టిండు.

మొన్న మా మరిది, ఇంక నలుగురు గీసేటోళ్లు వచ్చి వాకిట్ల కూసున్నరు. తలా ఒక లొట్టి తెచ్చిండ్రు. బొక్క ఎంత పొడవాలె వదినె అని అడిగిండు. పెద్దగైతే కాకి దూరుతదట, చిన్నగైతే పాలపిట్ట పట్టదట. నేనెన్నడు అడగలే బిడ్డను. శానసేపటికి యాదికొచ్చింది, తన గాజును లొట్టికి ఆనిచ్చి బొగ్గుతోని సుట్టూ గీసేది. గాజులు మసి చేస్తున్నవేందే అని నేనే కసురుకున్న.

ఇంట్లకు పోయి మేకుకు తలిగేసిన బిడ్డ గాజులల్ల ఒకటి తీసిన. ఇయ్యాలంటే చెయ్యి రాలే. ఇచ్చిన.

ఒగలెనుక ఒగలు దాన్ని ఆనిచ్చి బొగ్గుతోని గీసుకున్నరు. వాకిట్ల అయిదు లొట్లు ఎండల పెట్టిండ్రు. ఒక్కోదాని మీద మా బిడ్డ చెయ్యి దూరేంత నల్లటి గుండ్రం.